ఓడలకు కోట్లు... సీసాలకు కొర్రీలు!

ఉత్తరాంధ్ర తీరంలో చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడల్లా, నీటి రంగు మారినప్పుడల్లా, సముద్రం పక్కన కొత్త పరిశ్రమకు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టినప్పుడల్లా ఒకే ప్రశ్న లేస్తుంది: అసలు ఆ నీళ్లలో ఏముంది? 2025లో అనకాపల్లి జిల్లా రాజయ్యపేట మత్స్యకారులు బల్క్ డ్రగ్ పార్కు వద్దంటూ ఆందోళనకు దిగినప్పుడూ వివాదం చివరికి వచ్చి ఆగింది ఇక్కడే. వ్యర్థ జలాలు సముద్రంలో కలిస్తే వేట పోతుందని మత్స్యకారులు అంటారు. అన్నీ పరిమితుల్లోనే ఉంటాయని పరిశ్రమల తరఫు కన్సల్టెంట్లు పట్టికలు చూపిస్తారు. నమూనాలు తీశాం, నివేదిక రావాలని అధికారులు చెబుతారు. నివేదిక వచ్చేనాటికి దాన్ని నమ్మేవాడు మిగలడు. ఈ అపనమ్మకాన్ని రాజకీయం ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం తేలిక. కానీ దీనికి సాంకేతిక మూలం ఒకటుంది, దాని గురించి సభల్లో ఎవరూ అడగరు. నమూనా ఏ లోతు నుంచి తీశారు, ఏ సీసాతో తీశారు, తీసిన ఎన్ని గంటలకు పరీక్షించారు, ఆ మీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారు? వీటికి జవాబులు లేని నివేదిక పరిశ్రమకు అనుకూలంగా ఉన్నా, వ్యతిరేకంగా ఉన్నా విలువ ఒక్కటే. సముద్ర పరిశోధనశాలల్లో డైవింగ్ సామగ్రినీ, నీటి నమూనా పరికరాలనూ ఆధునికీకరించడాన్ని స్టోర్స్ విభాగం కొనుగోళ్ల వ్యవహారంగా చూస్తున్నంత కాలం ఈ చిక్కు వీడదు. అది ప్రజా నిర్ణయాలకు పునాది వేసే పని.

సముద్రపు నీటి నమూనా అంటే పడవ అంచున వంగి బకెట్ ముంచడం కాదు. బంగాళాఖాతం విషయంలో అయితే అసలే కాదు. గంగా బ్రహ్మపుత్రల నుంచి గోదావరి, కృష్ణల దాకా ఇన్ని నదులు మంచినీళ్లు తెచ్చి పోయడంతో వర్షాకాలంలో ఉప్పునీటి మీద తేలికైన పొర ఒకటి పరచుకుంటుంది. పై నీరు కిందికి, కింది నీరు పైకి కలవడం కష్టమవుతుంది. అంటే ఉపరితలంలో తీసిన నీరు ఇరవై మీటర్ల కింద ఏం జరుగుతోందో చెప్పదు. మీద ఆక్సిజన్ పుష్కలంగా కనిపిస్తూనే అడుగున చేపకు ఊపిరాడని స్థితి ఉండవచ్చు. అందుకే కావలసిన లోతుకు దించి, అక్కడే రెండు మూతలూ మూసుకునేలా చేసే సీసాలు వాడతారు. పూర్వం నాన్సెన్ సీసా ఉండేది, 1960ల నుంచి నిస్కిన్ సీసా దాని స్థానంలోకి వచ్చింది. పెద్ద ఓడల మీద పన్నెండో ఇరవై నాలుగో సీసాలను వలయంగా బిగించి, మధ్యలో ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సీటీడీని పెట్టి, కేబుల్ ద్వారా ఒక్కొక్క సీసానూ ఒక్కో లోతులో మూయిస్తారు. వినడానికి సరళం. ఆచరణలో రబ్బరు రింగు అరిగితే సీసా కారుతుంది. స్ప్రింగు సడలితే అనుకున్న లోతులో కాక పైకి వస్తూ దారిలో ఎక్కడో మూసుకుంటుంది. అలా వచ్చిన నీటిని ఎంత గొప్ప ప్రయోగశాలలో ఎంత ఖరీదైన యంత్రంతో పరీక్షించినా తప్పే తేలుతుంది, పైగా దశాంశ స్థానాలతో సహా తేలుతుంది. ప్రయోగశాల నివేదికల అడుగున చిన్న అక్షరాల్లో తరచూ ఒక వాక్యం ఉంటుంది: ఈ ఫలితాలు మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయని. సీసా బాధ్యత తమది కాదని ప్రయోగశాల ముందే చెప్పేసుకుంటోందన్నమాట. మరి అది ఎవరి బాధ్యత?

పరికరం బాగాలేకపోతే అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతేకదా అనుకునేవారికి సముద్ర రసాయన శాస్త్ర చరిత్రే జవాబు. 1970ల దాకా సముద్రపు నీటిలో సీసం, జింకు, రాగి వంటి లోహాలపై వెలువడిన లెక్కల్లో అత్యధికం తర్వాత పక్కన పెట్టేయాల్సి వచ్చింది. కాలిఫోర్నియా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ సీసం మీద పనిచేస్తూ, తోటివారు కొలుస్తున్నది సముద్రంలోని సీసాన్ని కాదని, ఓడ ఇనుము, తీగ, సీసా రబ్బరు, ప్రయోగశాల దుమ్ము కలిపిన మలినాన్నని చూపించాడు. లోహం తగలని తాళ్లు, ప్రత్యేక సీసాలు, శుభ్రమైన గదులు వచ్చాక చాలా లోహాల అసలు పరిమాణం పదుల, వందల రెట్లు తక్కువని తేలింది. ఆ శుభ్రత కుదిరాకే సముద్రంలో ఇనుము ఎంత అరుదో బయటపడింది. ఆ లోటు వల్లే కొన్ని మహాసముద్ర ప్రాంతాల్లో వృక్ష ప్లవకాలు పెరగడం లేదని జాన్ మార్టిన్ 1980ల చివర్లో ప్రతిపాదించగలిగాడు. సముద్రంలోని అత్యల్ప లోహాలను కొలిచే, భారత్ కూడా భాగస్వామి అయిన జియోట్రేసెస్ అంతర్జాతీయ కార్యక్రమం ఈ పాఠం మీదే నిలబడి ఉంది. పరిశ్రమల ప్రతినిధులు గమనించాల్సిన సంగతి ఒకటి ఇందులో ఉంది. మెరుగైన పరికరం ప్రతిసారీ కాలుష్యాన్ని ఎక్కువ చేసి చూపదు, లోహాల విషయంలో తగ్గించే చూపింది. తుప్పు పట్టిన విన్చ్ తీగతో తీసిన నీటిలో భారలోహాలు కనిపిస్తే ఆ నింద పక్కనున్న కర్మాగారం మీద పడుతుంది.

మన సముద్రానికే సంబంధించిన ఉదాహరణ ఇంకా పదునైనది. అరేబియా సముద్రంలో ఒక లోతు దగ్గర ఆక్సిజన్ దాదాపు పూర్తిగా మాయమవుతుంది. అక్కడి సూక్ష్మజీవులు నైట్రేటును విడగొట్టి నైట్రోజన్ వాయువుగా గాలిలోకి పంపేస్తాయి, అంటే సముద్రం తన ఎరువును పోగొట్టుకుంటుంది. పాత కొలతల ప్రకారం బంగాళాఖాతంలోనూ ఆ లోతున ఆక్సిజన్ సున్నాకు దగ్గరే, కానీ నైట్రోజన్ నష్టం మాత్రం అరేబియా సముద్రంలోలా కనిపించేది కాదు. దశాబ్దాల పాటు ఇది అంతుచిక్కలేదు. ఆక్సిజన్‌ను కొలిచే 1888 నాటి వింక్లర్ పద్ధతి నేటికీ మంచి పద్ధతే, కానీ అత్యల్ప స్థాయిల్లో దానికి చూపు ఆనదు. పైగా సీసాలోంచి నీటిని తీసేటప్పుడే గాలి తగిలి ఆక్సిజన్ చేరుతుంది. నీటిలోనే ఉండి నానోమోల్ స్థాయిని పట్టగల స్టాక్స్ సెన్సర్లు వచ్చాక, భారతీయ శాస్త్రవేత్తలతో కూడిన అంతర్జాతీయ బృందం 2017లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ఫలితం ప్రకటించింది. బంగాళాఖాతంలోని ఆ పొరలో లీటరుకు సుమారు 10 నుంచి 200 నానోమోల్‌ల ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉందని, సూక్ష్మజీవులు సిద్ధంగా ఉన్నా ఆ పిసరంత ఆక్సిజనే వాటిని ఆపుతోందని తేలింది. నదుల్లోంచి వచ్చే ఎరువులు పెరిగో, సముద్రం వేడెక్కో ఆ కాస్తా పోతే మొత్తం సముద్రపు తీరు మారిపోవచ్చు. పాత పరికరానికి సున్నా, కొత్త పరికరానికి సున్నా కాదు. ఈ తేడా మీదే తూర్పు తీరపు మత్స్య సంపద భవిష్యత్తుపై అంచనాలన్నీ ఆధారపడి ఉన్నాయి.

సముద్రపు ఆమ్లీకరణ దగ్గరకు వస్తే లోపం పరికరాల్లోనే కాదు, ప్రమాణాల్లోనూ ఉందని తెలుస్తుంది. పారిశ్రామిక విప్లవం నుంచి ఇప్పటిదాకా సముద్ర ఉపరితల పీహెచ్ సగటున 8.2 నుంచి 8.1కి దిగింది. ఇప్పుడు పదేళ్లకు దాదాపు 0.02 చొప్పున తగ్గుతోంది. మామూలు గాజు ఎలక్ట్రోడ్ మీటరు పొరపాటే ఇంచుమించు అంత ఉంటుంది. అంటే దానితో పదేళ్లు కష్టపడి కొలిచినా మార్పు జరిగిందో లేదో చెప్పలేం. దీర్ఘకాలిక మార్పును పట్టాలంటే 0.003 స్థాయి కచ్చితత్వం కావాలని అంతర్జాతీయ ఆమ్లీకరణ పరిశీలన వ్యవస్థ చెబుతోంది. దానికి రంగు ఆధారిత స్పెక్ట్రోఫొటోమీటర్ పద్ధతి, విలువ ముందే ధ్రువీకరించిన ప్రామాణిక సముద్ర జలం అవసరం. ఆ జలాన్ని దశాబ్దాలుగా ప్రపంచమంతటికీ పంపుతున్నది ప్రధానంగా అమెరికాలోని స్క్రిప్స్ సంస్థకు చెందిన ఒకే ఒక ప్రయోగశాల. కొవిడ్ కాలంలో అక్కడ పని నిలిచినప్పుడు ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు ఇబ్బంది పడ్డారు. ఇటు మన తీర జలాల నాణ్యతా ప్రమాణాలు చూడండి. స్నానానికి అనువైన ఎస్‌డబ్ల్యూ-2 తరగతికీ, అంతకన్నా మెరుగైన ఎస్‌డబ్ల్యూ-1 తరగతికీ పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉంటే చాలు. 6.5 పీహెచ్ ఉన్న నీరు నదిలో అయితే సరే, సముద్రంలో అయితే అది విపత్తు. ప్రమాణం అంత వదులుగా ఉన్నప్పుడు మంచి మీటరు ఎందుకని స్టోర్స్ అధికారి అడిగితే తప్పు పట్టలేం. అంచేత పరికరాల నవీకరణా ప్రమాణాల సవరణా కలిసి నడవాలి. ప్రామాణిక పదార్థాలు తయారుచేసే బాధ్యత ఇప్పటికే ఉన్న ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు సముద్ర జల ప్రమాణాల పనీ అప్పగించవచ్చు.

ఇక డైవింగ్. ఓడ నుంచి దించే సీసాల వలయాన్ని నేలకు తగిలి పాడవకుండా అడుగుకు కొన్ని మీటర్ల పైనే ఆపేస్తారు. వ్యర్థాలు పేరుకునేదీ, పగడాలు, ఆల్చిప్పలు, రొయ్యల పిల్లలు బతికేదీ సరిగ్గా ఆ చివరి మీటర్లలోనే. అడుగు మట్టికీ నీటికీ మధ్య ఉన్న పలుచటి పొరను చెదరనీయకుండా సిరంజితో నీరు లాగడం, వ్యర్థ జలాల గొట్టం మూతి దగ్గర పద్ధతి ప్రకారం నమూనాలు తీయడం, ఏడాది తర్వాత అదే రాతి మీది అదే పగడాన్ని మళ్లీ ఫొటో తీయడం శిక్షణ పొందిన డైవరు చేతి పనులు. మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో పగడాలు తెల్లబారడాన్ని నమోదు చేసింది ఇలాంటి డైవర్లే. విశాఖ తీరం వెంట రాతి గుట్టల మీద ఉన్న జీవసంపద సంగతి కూడా నీటిలోకి దిగి చూసినవారి వల్లే కొంతైనా తెలిసింది. అయితే ఇక్కడ పరికరం పాతదైతే పోయేది అంకె కాదు, మనిషి. ముప్పై మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి నాలుగింతలు. కంప్రెసర్ ఫిల్టరు పాతబడి సిలిండర్‌లోకి చేరిన కాస్త కార్బన్ మోనాక్సైడ్ ప్రభావం అక్కడ నాలుగింతలవుతుంది. అందుకే శ్వాస గాలికి సంబంధించిన యూరప్ ప్రమాణం ఆ విషవాయువు పది లక్షల భాగాల్లో 5 మించకూడదంటుంది. ఆక్సిజన్ పాలు 32 శాతానికి పెంచిన నైట్రాక్స్ వాడితే ముప్పై మీటర్ల దగ్గర సురక్షితంగా ఉండగల సమయం సుమారు ఇరవై నిమిషాల నుంచి ముప్పైకి పెరుగుతుంది. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఈ పద్ధతిని 1979లోనే తన డైవింగ్ మాన్యువల్‌లో చేర్చింది. దిగిన ప్రతిసారీ పది నిమిషాలు అదనంగా దొరకడం సర్వే చేసేవారికి చిన్న విషయం కాదు.

శాస్త్రీయ డైవింగ్‌ను ఇతర దేశాలు ఎలా చూశాయన్నది మనకు ముఖ్యం. అమెరికాలో 1982లో కార్మిక భద్రతా సంస్థ వాణిజ్య డైవింగ్ నిబంధనల నుంచి శాస్త్రీయ డైవింగ్‌ను మినహాయించింది. కానీ ఉచితంగా కాదు. సంస్థకు సొంత డైవింగ్ మాన్యువల్ ఉండాలి. సభ్యుల్లో సగానికి మించి స్వయంగా నీటిలో దిగే శాస్త్రీయ డైవర్లే ఉన్న నియంత్రణ మండలి ఉండాలి, డైవింగ్ విషయాల్లో ఆ మండలిదే తుది మాట కావాలి. సేకరించిన సమాచారం ఎవరి సొత్తూ కాకూడదు. ఈ చివరి షరతు గొప్పది. ప్రాణాన్ని పణంగా పెట్టి తెచ్చిన సమాచారం ఒక కంపెనీ అల్మారాలోకి వెళ్తే అది సైన్స్ కాదు, వాణిజ్యం, కాబట్టి వాణిజ్య నిబంధనలే వర్తిస్తాయని దాని భావం. బ్రిటన్ 1997లో డైవింగ్ పనులన్నిటికీ చట్టబద్ధ నిబంధనలు తెచ్చి, శాస్త్రీయ, పురావస్తు డైవింగ్‌కు విడిగా ఆచరణ నియమావళి రూపొందించింది. యూరప్ దేశాలు శాస్త్రీయ డైవరుకు రెండు స్థాయిల ఉమ్మడి అర్హతను గుర్తించాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు ఉమ్మడి ప్రమాణం ఉంది. మన దేశంలో సముద్ర చమురు క్షేత్రాల డైవింగ్‌కు భద్రతా నిబంధనలున్నాయి, సిలిండర్లకు 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలున్నాయి, పర్యాటకుల స్కూబాకు సైతం సాహస పర్యాటక మార్గదర్శకాలున్నాయి. విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి నీటిలో దిగేటప్పుడు మాత్రం అన్ని ప్రయోగశాలలకూ ఒకేలా వర్తించే జాతీయ నియమావళి ఏదీ కనిపించదు. ఒక సంస్థలో పద్ధతి కట్టుదిట్టంగా ఉంటే ఇంకోచోట గైడు ధైర్యమే పద్ధతి. ఇంత లోటు పెట్టుకుని కొత్త రెగ్యులేటర్లు, డైవ్ కంప్యూటర్లు కొన్నా సగం పనే అవుతుంది.

డైవర్లూ సీసాలూ పాతకాలపు వ్యవహారమని, ఇప్పుడు ఉపగ్రహాలు, రోబోలు, ఆర్గో ఫ్లోట్లు ఉన్నాయని వాదించేవారున్నారు. వాదనలో కొంత బలముంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సమన్వయం చేస్తున్న భారత ఆర్గో కార్యక్రమం సముద్ర పరిశీలనను మార్చేసిందన్నది నిజం. ఓడలు వెళ్లలేని తుపాను రోజుల్లోనూ ఆ ఫ్లోట్లు కొలుస్తూనే ఉంటాయి. అయితే రెండు వేల మీటర్ల దాకా మునిగి తేలేలా రూపొందిన ఫ్లోట్లు తీరానికి దగ్గరి లోతులేని నీళ్ల కోసం తయారైనవి కావు. మన వివాదాలన్నీ ఆ లోతులేని నీళ్లలోనే. ఉపగ్రహం చూసేది పై పొరను మాత్రమే, నీటి రంగైతే అదీ మబ్బు లేనప్పుడే. నైరుతి రుతుపవనాల కాలంలో తూర్పు తీరం మీద మబ్బులేని రోజులు ఎన్నని ఆశిస్తాం? అన్నిటికన్నా ముఖ్యం, ఈ యంత్రాల సెన్సర్లు కాలం గడిచేకొద్దీ దారి తప్పుతాయి. అవి ఎంత తప్పాయో తెలిసేది ఓడ నుంచి జాగ్రత్తగా తీసిన సీసా నీటితో పోల్చినప్పుడే. రోబోలు పెరిగేకొద్దీ సీసా అవసరం తగ్గదు, దాని మీద బాధ్యత పెరుగుతుంది. నీటి అడుగున తిరిగే కెమెరా రోబోలు డైవరు పనిని కొంత తీసుకుంటాయి, తీసుకోవాలి కూడా. లోతైన చోట, ప్రమాదకరమైన చోట మనిషిని దించకుండా యంత్రాన్ని దించడమే ఆధునికీకరణ. కానీ బురద నీటిలో, అలల ఊపులో, చేత్తో తడిమి చేయాల్సిన పనిలో చిన్న రోబోలు ఇప్పటికీ తడబడుతూనే ఉన్నాయి.

రెండో అభ్యంతరం డబ్బు. దీన్ని కొట్టిపారేయడానికి లేదు, కానీ తిరగేసి అడగాలి. కేంద్రం 2021లో డీప్ ఓషన్ మిషన్‌కు ఐదేళ్లలో 4,077 కోట్లు ఆమోదించింది. ముగ్గురు మనుషులను ఆరు వేల మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య-6000 తయారవుతోంది. దానికి సన్నాహంగా 2025 ఆగస్టులో ఇద్దరు భారతీయులు ఫ్రెంచ్ జలాంతర్గామిలో అట్లాంటిక్‌లో నాలుగైదు వేల మీటర్ల లోతుకు దిగివచ్చారు. గర్వించదగ్గ విషయమే. అయితే లోతుకు దిగే యంత్రానికి పద్దు దొరికినంత తేలికగా ముప్పై మీటర్ల డైవరుకో, సీసా రబ్బరు రింగులకో పద్దు దొరకదు. కారణం నిధుల కొరత అనేకంటే ఖర్చు స్వభావం అనాలి. ఓడ కొనడం ఒకసారి జరిగే పెట్టుబడి వ్యయం, ప్రారంభోత్సవం ఉంటుంది. సెన్సర్ కాలిబ్రేషన్ ఏటా వచ్చే ఖర్చు, దానికి రిబ్బను కత్తిరించరు. ఏనుగును కొని అంకుశానికి వెనకాడడం అంటే ఇదే. ఇటీవల కొంత మంచి జరిగింది. 2025 జూన్‌లో ఆర్థిక శాఖ శాస్త్రీయ సంస్థల డైరెక్టర్లకు, ఉపకులపతులకు శాస్త్రీయ పరికరాలను ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ బయట కొనే వెసులుబాటు ఇచ్చింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు, కొనుగోలు కమిటీ పరిమితిని పది లక్షల నుంచి పాతిక లక్షలకు పెంచింది. రబ్బరు రింగు కోసం టెండరు పిలిచే అవస్థ దీనితో తగ్గాలి. మరోవైపు ప్రభుత్వ పరిశోధన సంస్థల పరికరాలకు ఉన్న 5 శాతం రాయితీ జీఎస్టీని 2022 జులైలో తీసేశారు. ఒక చేత్తో ఇచ్చిన పరిశోధన నిధిని ఇంకో చేత్తో పన్నుగా తీసుకోవడంలో ఏ ఆర్థిక సూత్రముందో విధానకర్తలే చెప్పాలి.

అయినా ప్రతి ప్రయోగశాలకూ ప్రతి పరికరం కొనిపెట్టాలని ఎవరూ అడగడం లేదు. బ్రిటన్ ఈ ఖర్చును ఎలా తగ్గించుకుందో చూడాలి. సౌతాంప్టన్‌లోని జాతీయ సముద్ర విజ్ఞాన కేంద్రం దగ్గర ఉమ్మడి పరికరాల భాండాగారం ఉంది. యూరప్‌లో ఇలాంటివాటిలో అదే అతి పెద్దది, దాదాపు పదివేల పరికరాలు. ఏ విశ్వవిద్యాలయ బృందమైనా ముందుగా దరఖాస్తు చేసుకుంటే, సరిచూసి సిద్ధంగా ఉంచిన సీసాలూ సెన్సర్లూ నడిపే సాంకేతిక సిబ్బందితో సహా ఓడ దగ్గరకు వస్తాయి. అమెరికా విశ్వవిద్యాలయాలు 1970ల తొలి ఏళ్ల నుంచీ ఓడలను ఉమ్మడి వ్యవస్థ కింద పంచుకుంటున్నాయి. మనకు విశాఖ ఇందుకు చక్కగా సరిపోతుంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం, మత్స్య సాంకేతిక పరిశోధన కేంద్రం, భారత మత్స్య సర్వేక్షణ స్థావరం, అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ వచ్చి పనిచేసిన 1950ల నుంచి సముద్ర శాస్త్రాన్ని బోధిస్తున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్, వీటన్నిటి పక్కనే తూర్పు నౌకాదళం, అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. వేర్వేరు మంత్రిత్వ శాఖల కింద ఉండటం వల్ల ఒకరి స్టోరులో ఏముందో ఇంకొకరికి తెలియదు. తూర్పు తీర పరికరాల భాండాగారం ఒకటి ఇక్కడ పెట్టి, కాలిబ్రేషన్ ప్రయోగశాల, గాలి నాణ్యత పరీక్షించే కంప్రెసర్ కేంద్రం, డైవరు శిక్షణ దానికి జోడిస్తే, కాకినాడ మత్స్య సాంకేతిక సంస్థకూ, నెల్లూరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోని సముద్ర జీవశాస్త్ర విభాగానికీ కూడా అందుబాటులో ఉంటుంది. దేశంలో కొన్ని సంస్థలకు సొంత సౌకర్యాలున్నా, చాలా సెన్సర్లు సరిచూపు కోసం ఇప్పటికీ విదేశాల్లోని తయారీదారు దగ్గరకు వెళ్లి రావాలి. ఆ కాలమంతా కొలతల్లో ఖాళీయే. నౌకాదళం డైవర్లనే వాడుకోవచ్చుగా అని కొందరంటారు. ప్రమాదం జరిగినప్పుడు పీడన చికిత్సకు వారి సాయం తప్పనిసరి, ఒప్పందం ముందే రాసుకోవాలి. కానీ పగడం జాతిని గుర్తుపట్టడం, నమూనాను కలుషితం కాకుండా తేవడం వేరే విద్య. అది జీవశాస్త్రవేత్తకు డైవింగ్ నేర్పితే వచ్చేదే. గాలి, నీటివాటం పుట్టుకతో తెలిసిన మత్స్యకార యువకులకు పడవ మీది సహాయకులుగా, ఆపై డైవర్లుగా శిక్షణ, జీతం ఇస్తే ఫలితాల మీద ఊళ్లో నమ్మకం కూడా పెరుగుతుంది.

పరికరం కన్నా అరుదైనది కొనసాగింపు. జర్మనీలోని హెల్గోలాండ్ ద్వీపం దగ్గర 1962 నుంచి ప్రతి పనిదినమూ నీటి నమూనా తీస్తున్నారు. సార్డిన్ చేపలు ఎందుకు మాయమయ్యాయో తెలుసుకోవాలని కాలిఫోర్నియాలో 1949లో మొదలైన సర్వే ఇంకా సాగుతోంది. జపాన్ 137 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట 1967 నుంచి ఓడలు పంపుతోంది. మన దగ్గర గోవా తీరంలో కాండోలిం దగ్గర 1990ల చివర్లో మొదలైన వరుస కొలతలు తీర జలాల్లో ఆక్సిజన్ ఏటా ఎలా పడిపోతుందో చూపించాయి. ఇలాంటి వరుసల్లో పరికరం మార్చడం కూడా జాగ్రత్తగా చేయాలి. పాతదాన్నీ కొత్తదాన్నీ కొంతకాలం పక్కపక్కన నడిపి, రెండింటి మధ్య తేడా రాసుకోకపోతే, సీసా మారిన రోజే సముద్రం మారినట్లు కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ తీరరేఖ 974 కిలోమీటర్లని తరతరాలుగా చదువుకున్నాం. ఇటీవల మరింత సూక్ష్మమైన పటాలతో లెక్కిస్తే 1,053 కిలోమీటర్లయింది. నేల పెరగలేదు, కొలబద్ద మారింది. నీటి విషయంలోనూ ఇదే జరుగుతుంది, తేడా నమోదు చేయకపోతే కొత్త పరికరం తెచ్చే అయోమయం పాతదానికన్నా తక్కువేమీ కాదు. అందువల్ల ప్రతి నవీకరణ ప్రతిపాదనలోనూ పోలిక కొలతలకు సమయం, సాంకేతిక సిబ్బంది జీతాలు, విడిభాగాలు ముందే లెక్కకట్టాలి. ప్రాజెక్టు ముగియగానే వెళ్లిపోయే తాత్కాలిక ఉద్యోగి చేతిలో ఇరవై ఏళ్ల వరుసను పెట్టి నిలబడమనడం అన్యాయం.

చివరగా, కొందరు బయటకు చెప్పని అభ్యంతరం ఒకటుంది: కచ్చితంగా కొలిస్తే చిక్కుల్లో పడతామని. పర్యావరణ ప్రభావ నివేదికకు డబ్బు కట్టేది ప్రాజెక్టు యజమానే, కన్సల్టెంటును పెట్టుకునేదీ ఆయనే. ఆ ఏర్పాటులో సీసా నాణ్యత ఎవరికీ పట్టదు, ఎందుకంటే అనుమానానికి తావున్న ఫలితం అందరికీ సౌకర్యమే. ఒకరు దాన్ని నమ్ముతారు, మరొకరు కొట్టిపారేస్తారు, నిర్ణయం ముందే జరిగిపోయి ఉంటుంది. దేశ రొయ్యల ఎగుమతుల్లో మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రానికి ఈ సౌకర్యం ఎక్కువకాలం దక్కదు. విదేశీ కొనుగోలుదారు యాంటీబయోటిక్ అవశేషాలను అతి సూక్ష్మ స్థాయిలో వెతుకుతున్నప్పుడు, మన నీటి లెక్కలు బకెట్ దగ్గరే ఆగితే నష్టపోయేది రైతు. ఉమ్మడి భాండాగారానికి, డైవింగ్ నియమావళికి, ప్రమాణాల సవరణకు కేంద్రం కదలాలి, దానికి సమయం పడుతుంది. కానీ ఒక పనికి కొత్త చట్టమూ అక్కర్లేదు, పెద్ద పద్దూ అక్కర్లేదు. తీర ప్రాంత ప్రాజెక్టులపై దాఖలయ్యే ప్రతి నీటి నివేదికకూ నమూనా తీసిన చోటు, లోతు, సమయం, వాడిన పరికరం, దాని తాజా కాలిబ్రేషన్ పత్రం జతచేయాలని, అవి లేని నివేదికను ప్రజాభిప్రాయ సేకరణ సభ ముందు పెట్టకూడదని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక ఆదేశం జారీ చేస్తే సరిపోతుంది. అదీ తెలుగులో, సభకు నెల ముందే ఊళ్లో అందుబాటులో ఉండాలి.